లైటు సంగతి తర్వాత, ముందు దారి ఎవరిదో తేల్చండి

సంపాదకులకు,

కార్తీకం వచ్చిందంటే గుంటూరు, విజయవాడల నుంచి బాపట్ల వైపు బండ్లు బారులు తీరతాయి. సూర్యలంక, వాడరేవు చుట్టుపక్కల లేఅవుట్లలో ప్లాటు కొని చిన్న ఇల్లు కట్టుకున్నవారు మన రెండు ఊళ్లలోనూ ఉన్నారు. కార్తీక ఆదివారాలు, సంక్రాంతి, మే నెల సెలవులు పోతే మిగతా ఏడాదంతా ఆ ఇళ్లకు తాళాలే. వచ్చిన ప్రతిసారీ వినపడే గోడు ఒకటే. ఇంటిపన్ను కడుతున్నా వీధిలైటు లేదు, చెత్త బండి రాదు, కారు ఇసుకలో దిగబడుతోంది. గోడు నిజమే గానీ, అర్జీలు పెట్టే వరుసే తిరగబడింది.

తనది కాని దారి మీద పంచాయతీ రూపాయి ఖర్చు పెట్టినా ఆడిట్లో అభ్యంతరం వస్తుంది. దానికి జవాబు చెప్పుకోవాల్సింది కార్యదర్శి. ఇంటిపన్ను రసీదు చూపించి లాభం లేదు. ఆ పన్ను ఇంటికి వేసింది. దానివల్ల ఇంటి ముందు దారి పంచాయతీది అయిపోదు, అనుమతి లేని లేఅవుట్ సక్రమమూ కాదు. కనుక ముందు తేలాల్సింది దారి ఎవరి పేరున ఉందన్నది.

అది తేల్చుకోవడం కష్టమేమీ కాదు. లేఅవుట్ ప్లాను, ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు) తీసుకుని, ప్లాటుకే కాకుండా లేఅవుట్ మొత్తం సర్వే నంబర్లకూ ఈసీ, అంటే ఆ నేల మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం చెప్పే పత్రం, తీయించాలి. దారుల కింద పోయిన విస్తీర్ణానికి పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ (దానపత్రం) కనిపిస్తే సగం పని అయినట్టే. కనిపించకపోతే ఆ నేల నేటికీ వెంచర్ వేసినవారి పేరునో, వారికి అమ్మిన రైతు పేరునో ఉంటుంది. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక చేతులు దులుపుకుని పోయినవారున్నారు. దారి చివర మిగిలిన ముక్కను ప్లాటుగా అమ్మేసినవారూ ఉన్నారు. ఈసీలో ఇదీ బయటపడుతుంది.

గిఫ్ట్ డీడ్ ఉన్నచోట కూడా ఒక మెలిక ఉంది. ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం దానం ఇచ్చినవారు బతికి ఉండగానే పుచ్చుకునేవారు దాన్ని స్వీకరించాలి. 123 ప్రకారం స్థిరాస్తి దానపత్రం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ జరిగి, పంచాయతీ మాత్రం స్వీకరిస్తూ తీర్మానం చేయకుండా, దారిని స్వాధీనమూ చేసుకోకుండా కాగితం బీరువాలో పడి ఉంటే, దాత కాలం చేశాక అది చిక్కుల్లో పడుతుంది. అప్పుడు వారసులందరి చేతా మళ్లీ రాయించుకోవాలి. ఒకరు హైదరాబాదులో, ఇంకొకరు అమెరికాలో ఉంటే ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. డీడ్ నకలుతో పాటు తీర్మానం నంబరు, తేదీ కూడా అడిగి రాసుకోమనేది ఇందుకే.

దారిని పంచాయతీకి అప్పగించేముందు టేపు పట్టి కొలవండి. ప్లానులో 30 అడుగులుంటుంది. నేల మీద కొలిస్తే 22 తేలుతుంది. ఒకరి గేటు ర్యాంపు, ఇంకొకరి మెట్లు, మరొకరి కొబ్బరి మొక్కల కంచె మిగతాది మింగేసి ఉంటాయి. ఇరుకు దారిని ఏ ఇంజనీరూ తీసుకోమని రాయడు. అగ్నిమాపక శకటం లోపలికి రావడానికీ వెడల్పు కావాలి. ర్యాంపులు వెనక్కి జరపడం మన చేతిలో పనే. అది మనం చేయకుండా సర్పంచి ఇంటి చుట్టూ తిరిగితే ఏం లాభం?

అప్పగింత అయ్యేదాకా దారి బాగోగులు ప్లాటుదారులవే. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చేరితే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతాకైనా, లైట్ల మీటరుకైనా సంఘం పేరే మేలు. ఒకరి పేరున మీటరు తీసుకుంటే ఆయన ఇల్లు అమ్ముకున్న రోజున తగాదా మొదలవుతుంది.

తీరం ఇసుకలో రోడ్డంటే గుంటూరు నల్లరేగడి మీద వేసే రోడ్డు కాదు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇసుక పక్కకు జారుతుంది, అంచున పట్టి ఉంచేది లేకపోతే పైన ఏం పోసినా నిలవదు. 12 అడుగుల వెడల్పు, 100 మీటర్ల పొడవు, రోలరు తొక్కాక ఆరంగుళాల మందం ఉండాలంటే వదులుగా తోలించుకునే గ్రావెల్ సుమారు 25 యూనిట్లు (యూనిటుకు వంద ఘనపుటడుగులు) పడుతుంది. దాన్ని ఒకేసారి పోయకండి. రెండు పొరలుగా పోసి, ఒక్కో పొరా తడిపి రోలరు తొక్కించాలి. ఇటూ అటూ రెండేసి అడుగులు ఎర్రమట్టి కట్టాలి. నడిమధ్య అంచులకన్నా రెండున్నర అంగుళాలు ఎత్తుండాలి. ఆ వాలు లేకపోతే అక్టోబరు, నవంబరు వానలకు చక్రాల బాటలోనే నీళ్లు నిలిచి గుంతలవుతాయి.

సిమెంటు రోడ్డయితే నిశ్చింత అనుకునేవారికి ఒక మాట. అంచుల్లో మట్టికట్ట లేని సిమెంటు రోడ్డు పక్కన వానాకాలం తర్వాత వంగి చూడండి. పలక కింద ఇసుక కొట్టుకుపోయి, చెయ్యి దూరేంత ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ మీదకు నీళ్ల ట్యాంకరు ఎక్కిన రోజున మూల విరుగుతుంది. దాన్ని అతకడానికి అయ్యే ఖర్చుతో కట్ట మొదటే పోయవచ్చు. లైట్ల సంగతీ అంతే. ఉప్పుగాలికి మామూలు ఇనుప క్లాంపులు, బోల్టులు తుప్పుపట్టి రాలిపోతాయి. వేడి జింకు పూత ఉన్నవే వాడాలి, మీటరు పెట్టె ఫైబరుది పెట్టాలి.

సముద్రానికి దగ్గరైతే సీఆర్‌జెడ్, అంటే తీరం వెంబడి నిర్మాణాలను నియంత్రించే కేంద్ర నిబంధన, అడ్డొస్తుంది. 2011 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి 200 మీటర్ల దాకా అభివృద్ధి నిషిద్ధ ప్రాంతం. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161 దాటిన చోట దాన్ని 50 మీటర్లకు తగ్గించింది. ఆ ప్రాంతంలో రోడ్డు, మంచినీరు, డ్రైనేజీ వంటివి స్థానిక నివాసుల అవసరానికైతే ఒక్కో కేసుగా పరిశీలించి అనుమతించే వీలు 2011లోనే పెట్టారు. సెలవు ఇళ్ల కోసమంటే ఆ వాదన నిలవడం కష్టం. మత్స్యకారులు కూడా అదే దారిన రేవుకు వెళ్తుంటే ఆ విషయం అర్జీలో స్పష్టంగా రాయాలి. వారి రాకకు గేటు పెట్టి తాళం వేసినవారు మాత్రం ప్రభుత్వాన్ని ఏమీ అడగకపోవడమే మర్యాద.

చెత్త విషయంలో దారి ఎవరిదన్న పేచీ తేలేదాకా ఆగనక్కర్లేదు. బండి లోపలికి రాకపోతే చెత్తనే పంచాయతీ రోడ్డు మొగదాకా తెస్తే సరిపోతుంది. 20 ఇళ్లు, ఇంటికి ఆరుగురు, మనిషికి అరకిలో చొప్పున రోజుకు 60 కిలోలు. కుక్కలు, కాకులు లాగకుండా వల కప్పిన 240 లీటర్ల డ్రమ్ములు రెండు చాలు. కొబ్బరి బోండాల లెక్క వేరు. పాతిక బోండాలకే డ్రమ్ము సగం నిండిపోతుంది, వాటికి విడిగా చోటు చూపాలి. ఇక పంచాయతీ వైపు ఇబ్బందీ అర్థం చేసుకోవాలి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించినా, పంపకంలో ప్రధాన లెక్క జనాభా. సెలవులకు వచ్చే మనం గుంటూరులోనో బెజవాడలోనో లెక్కలో ఉన్నాం. అందువల్ల కార్తీకమాసం, మే నెల రోజులకు అదనపు ట్రిప్పుల రుసుము కడతామని రాసిచ్చి, పంచాయతీ చేత తీర్మానం చేయించుకోవడం న్యాయం. ఏటా అక్టోబరు 2న పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ప్రచారం మొదలవుతుంది. అర్జీ అప్పటికే అందాలి.

తుఫాను వేళ మాత్రం ఈ తర్కమేదీ పనికిరాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. సరుగుడు చెట్లు అడ్డంగా పడిన దారి సొంతదా, పంచాయతీదా అని జేసీబీ డ్రైవరు ఆగకూడదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 34వ సెక్షన్ శిథిలాల తొలగింపు అధికారాన్ని జిల్లా యంత్రాంగానికి ఇచ్చింది. తీర పంచాయతీల కార్యదర్శులకు ఏటా సెప్టెంబరులోనే దీనిపై రాతపూర్వక ఆదేశం వెళ్లాలి. గేట్ల తాళాల నకళ్లు పంచాయతీ కార్యాలయంలో ఉంచడం ప్లాటుదారుల సంఘాల బాధ్యత.

అధికారులను కోరేది ఒకటుంది. ప్రతి తీర పంచాయతీ తన పరిధిలోని లేఅవుట్ల జాబితా కార్యాలయం బోర్డు మీద పెట్టాలి. ఎల్‌పీ నంబరు, గిఫ్ట్ డీడ్ నంబరు, స్వీకరణ తీర్మానం తేదీ, దారి కొలిచిన వెడల్పు అందులో ఉండాలి. ఖాళీగా ఉన్న గడి చూస్తే కొనబోయేవాడు అడ్వాన్సు ఇచ్చేముందే అడుగుతాడు.

ఇట్లు
కొందరు ప్లాటుదారులు, గుంటూరు