నెత్తురు చిందేదాకా ఆగమనకండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను విశాఖపట్నం గాజువాక ప్రాంతంలో ఉంటున్న 33 ఏళ్ల డిప్లొమా ఇంజనీరును. నా మెదడు ఎడమ భాగంలో, మాటను నడిపించే చోటుకు ఆనుకొని, మూడు సెంటీమీటర్లకు పైబడిన రక్తనాళాల ముడి ఒకటి ఉంది. వైద్యులు దాన్ని ఏవీఎం అంటున్నారు. చికిత్స చేయవచ్చునని, చేయడమే మంచిదని తేల్చి చెప్పినవారూ వైద్యులే. కానీ ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఆ చికిత్సకు అనుమతి కోరుతూ ఆసుపత్రి పంపిన దరఖాస్తు పైకి వెళ్లడం, ఏదో ఒక ప్రశ్నతో తిరిగి రావడం తప్ప ఇంతవరకు ముందుకు కదలలేదు. పథకం సంగతులు మీకు నేను చెప్పవలసిన పని లేదు. దాని నిబంధనల మధ్య చిక్కుకున్న మనిషికి రోజులు ఎలా గడుస్తున్నాయో మీకు తెలియాలనే ఈ లేఖ రాస్తున్నాను.

తిరిగి వచ్చిన ప్రశ్నల్లో నన్ను అన్నిటికన్నా బాధించినది ఒకటుంది: రోగికి మెదడులో రక్తస్రావం జరిగినట్టు ఆధారం జతచేయాలట. అయ్యా, ఆ రక్తస్రావం జరగకూడదనే కదా మేము చికిత్స అడుగుతున్నది! అది జరిగాక నేను మాట పడిపోయి, కుడి చేయి, కుడి కాలు కదలక మంచంలో ఉంటే అప్పుడు నా కాగితాలు సరిపోతాయా?

మామూలుగా ధమనిలో వేగంగా వచ్చే రక్తం సన్నని కేశనాళికల్లో నెమ్మదించి, ఆ తరువాత సిరలోకి చేరుతుంది. నా తలలోని ముడిలో ఆ కేశనాళికలు లేవు. మోటారు నుంచి వచ్చే నీటిని తిన్నగా పలుచని రబ్బరు గొట్టానికి తగిలించినట్టు, ధమని ఒత్తిడి అంతా సిర గోడల మీద పడుతోంది. ఇలాంటి ముడి పగిలే ప్రమాదం ఏడాదికి రెండు నుంచి నాలుగు శాతం ఉంటుందని వైద్యులు చెబుతారు. వినడానికి ఇది చిన్న అంకెలాగే ఉంటుంది, బహుశా మీ అధికారులకూ అలాగే కనిపించి ఉంటుంది. అయితే ఏడాదికి మూడు శాతం చొప్పున లెక్క కట్టినా, నాకు 63 ఏళ్లు వచ్చేలోపు ఒక్కసారైనా రక్తస్రావం జరిగే అవకాశం 60 శాతానికి చేరుతుంది. నా కూతురికి ఇప్పుడు ఆరేళ్లు. ఆ 60 శాతాన్ని నేను ఆ పాప వయసుతో కలిపి చూసుకుంటాను.

రక్తస్రావం జరగని ఏవీఎంలను కదిలించకపోవడమే మేలన్న వాదన ఉందని నాకు తెలుసు. 2014లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అరూబా అధ్యయనం ఆ మాటే చెప్పిందని మా న్యూరోసర్జన్ గారే వివరించారు. అందులో రోగులను పరిశీలించినది సగటున మూడేళ్లు కూడా నిండని కాలమేనని, నా ముందున్నది దశాబ్దాల జీవితమని కూడా ఆయన చెప్పారు. పైగా డీఎస్ఏ పరీక్షలో, అంటే రక్తనాళాల్లోకి రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలో, ఆ ముడికి రక్తం తెచ్చే ధమని మీద చిన్న ఎన్యూరిజం, అంటే ఉబ్బిన బుడగ, కనిపించింది. అది ప్రమాదాన్ని పెంచే లక్షణం. మీ పరిశీలకులలో ఏ నాడీ శస్త్రవైద్యుడైనా ఆ పరీక్ష సీడీ చూసి, ఈ రోగికి చికిత్స వద్దని కారణాలతో రాసి సంతకం చేస్తే, నేను ఆ మాటకు కట్టుబడతాను. అలా ఎవరూ రాయలేదు. వద్దనరు, సరేననరు.

ఇంకొక ప్రశ్న, ఎంబొలైజేషన్ విడతలవారీగా ఎందుకు, ఒకేసారి చేయలేరా అని. తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, జిగురు వంటి పదార్థంతో ఆ నాళాలను మూసే పద్ధతి అది. ఎక్కువ భాగాన్ని ఒక్కసారే మూస్తే, అంతకాలం అటు పారిన రక్తం హఠాత్తుగా చుట్టుపక్కల నాళాల మీదికి మళ్లి, మెదడు వాచవచ్చు, రక్తస్రావమూ కావచ్చు. విడతలు పెట్టింది రోగి ప్రాణం కోసం. ఈ సంగతి ఆసుపత్రి వారు రాసి పంపారు. కొన్నాళ్లకు అదే ప్రశ్న మళ్లీ వచ్చింది.

ఆలస్యం వల్ల జరిగే నష్టం బయటికి కనిపించేదానికన్నా పెద్దది. ఎంబొలైజేషన్ తరువాత మిగిలే భాగానికి గామా నైఫ్ కిరణ చికిత్స చేయించాలన్నారు. ఆ సదుపాయం బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఉంది. కిరణాలు తగిలిన నాళాల గోడలు క్రమంగా మందమై మూసుకుపోవడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. మూసుకునేదాకా పగిలే ప్రమాదం ఉండనే ఉంటుంది. అంటే మీరు రేపే అనుమతి ఇచ్చినా నేను నిశ్చింతగా నిద్రపోవడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్ల లెక్క మొదలు కావడానికే నాకు అనుమతి కావాలి. "అత్యవసరం కాదు" అని నా ఫైలు మీద రాసినవారు ఈ ఒక్క విషయం ఆలోచించి ఉంటే ఆ మాట రాసేవారు కాదు.

మా ఇంట్లో స్నానాల గది తలుపుకు గడియ తీసేశాము. ఈ ముడి వల్ల లోపల నాకు మూర్ఛ వస్తే తలుపు పగలగొట్టే సమయం ఉండదని మా ఆవిడే ఆ గడియ ఊడదీయించింది. నేను లోపల ఉన్నంతసేపూ ఆమె బయట నిలబడి ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది, నేను జవాబు చెబుతూ ఉండాలి. ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి మూర్ఛ మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలతో వచ్చే చిరాకును కూడా ఇంట్లో వాళ్లే భరిస్తున్నారు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరులో ఒక చీటీ పెట్టుకుని తిరుగుతాను: నా పేరు, రక్త వర్గం, మా ఆవిడ ఫోను నంబరు, కింద ఎర్ర సిరాతో "మెదడులో ఏవీఎం ఉంది, స్కాన్ చూడకుండా రక్తం పలుచన చేసే మందులు, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవద్దు" అని. దారిలో పడిపోతే ఎవరో నన్ను పక్షవాతం రోగి అనుకొని తొందరలో ఆ ఇంజెక్షన్ ఇస్తారేమోనన్న భయంతో రాసుకున్నది అది. ఆ చీటీ చూడకుండా నా కూతురు నన్ను గుమ్మం దాటనివ్వదు.

ఉద్యోగం సంగతి క్లుప్తంగా చెబుతాను. నేను కాంట్రాక్టు పనుల్లో సైట్ సూపర్‌వైజరును. మూర్ఛ ఉన్నవాడికి హైట్ పాస్, అంటే ఎత్తుల మీద పనిచేసే అనుమతి, ఇవ్వరు. ఇవ్వకపోవడమే సరైనది. హైట్ పాస్ లేనివాడికి సైట్లో పని లేదు. బండి నడపడం మానేశాను. ప్రైవేటు ఆరోగ్య బీమాకు వెళితే ఈ జబ్బు పేరు వినగానే కాగితాలు వెనక్కి ఇచ్చారు. పింఛనుకు దరఖాస్తు చేద్దామంటే, ఏ అవయవం పనిచేయడం లేదని అడిగారు. ఈ జబ్బుకు అలా చూపించగలిగేది ఏమీ ఉండదు. మనిషి నడుస్తాడు, నవ్వుతాడు, ఎదురుగా కూర్చున్న అధికారికి ఆరోగ్యవంతుడిలాగే కనిపిస్తాడు.

జిల్లా స్థాయిలో అర్జీలు ఇచ్చాను. ఒక అర్జీ విషయమై, సమస్య పరిష్కారమైందని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఆ రోజు ఇంట్లో అందరం నిజంగానే అనుమతి వచ్చిందనుకొని సంతోషపడ్డాము. మా అమ్మ సింహాచలం వెళ్లి అప్పన్నకు మొక్కు కూడా తీర్చుకుని వచ్చింది. మరునాడు ఆసుపత్రికి వెళితే, అర్జీని మరో విభాగానికి పంపారు కాబట్టి జిల్లా స్థాయిలో మూసేశారని చెప్పారు. ఆ మాట మా అమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మంత్రి గారూ, శ్రీకాకుళం నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా రోగులు వైద్యం కోసం నమ్ముకొని వచ్చే నగరం మాది. వాళ్లలో నా వంటివారు ఎందరో ఉంటారు. వాళ్లకు లేఖ రాసే ఓపిక, అవకాశం ఉండకపోవచ్చు. నా ఫైలును ఏవీఎం చికిత్స తెలిసిన నాడీ శస్త్రవైద్యుడికి చూపించండి. ఆ వైద్యుడి నిర్ణయం, అవునో కాదో, కారణాలతో రాతపూర్వకంగా ఇప్పించండి. విడతల చికిత్సకు, దాని తరువాతి కిరణ చికిత్సకు కలిపి ఒకే అనుమతి ఇచ్చేలా చూడండి. చికిత్స బయటి రాష్ట్రంలోనే జరగవలసి వస్తే, ఆ ఖర్చు పథకం కిందికి వస్తుందో రాదో స్పష్టంగా చెప్పించండి. రక్తస్రావం జరిగినట్టు ఆధారం మాత్రం దయచేసి మరెవరినీ అడగనివ్వకండి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న
ఒక ఏవీఎం రోగి,
గాజువాక, విశాఖపట్నం.