జాంగ్‌సా ఒడ్డున ఓడ

పోహాంగ్, దక్షిణ కొరియా
సెప్టెంబరు 22, 2024

నాన్నగారికి నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూసి "ఇసకలో అంత ఓడేమిటి, తుపానుకి కొట్టుకొచ్చిందా?" అని అడిగారు. సగం అదే. ఫోన్లో చెప్పబోతే అమ్మ మధ్యలో వచ్చి ఏం వండుకున్నావంటుంది, కథ అక్కడితో సరి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీకూ కాగితం మీద చదివితేగానీ చదివినట్టుండదు.

మొన్న ఇక్కడ చూసోక్ పండగ. మన భాద్రపద పౌర్ణమే. మనకి మర్నాటి నుంచి మహాలయ పక్షాలు కదా, వీళ్లు పౌర్ణమి నాడే పెద్దలకి పెట్టుకుంటారు. మా ల్యాబ్‌లో అమ్మాయి "పండగపూట ఒక్కదానివే ఏం ఉంటావు" అని వాళ్లింటికి తీసుకెళ్లింది. పోహాంగ్ నుంచి ఉత్తరంగా, సముద్రం వెంట 7వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లాలి. పీతలకి పేరుమోసిన యోంగ్‌డోక్ వైపు. జాంగ్‌సా బీచ్ ఆ దారిలోనే. మీరు చూసింది అసలు ఓడ కాదు, నమూనా. లోపల మ్యూజియం పెట్టి 2020లో తెరిచారు. అసలు ఓడ పేరు మున్సాన్. యుద్ధ ట్యాంకుల్ని నేరుగా ఒడ్డున దింపే రకం. అక్కడే మునిగిపోయి, 1997లో గానీ దొరకలేదు.

1950 జూన్ 25న ఉత్తర కొరియా, దక్షిణ కొరియా మధ్య యుద్ధం మొదలైంది. మూడు రోజుల్లో సియోల్ పోయింది. ఆగస్టు వచ్చేసరికి దక్షిణం వాళ్లకి మిగిలింది నక్‌తోంగ్ నది ఇవతల బూసాన్, దేగు ఉన్న మూల మాత్రమే. సైన్యానికి మనుషులు చాల్లేదు. బడిపిల్లలు ముందుకొచ్చారు. కొందరు ఇష్టపడి చేరారు. కొందరు ఇల్లొదిలి పారిపోయి వచ్చి, తిండి దొరుకుతుందని చేరారు. ఇంకొందరు స్నేహితుడు వెళ్తున్నాడని వెళ్లారు. ఇక్కడ రాళ్ల మీద "దేశభక్తి" అని ఒకే మాట చెక్కారు గానీ, పదిహేడేళ్లవాడు దేనికి వెళ్తాడో మీకు నాకన్నా బాగా తెలుసు. ముప్పై ఏళ్లు పదో తరగతికి పాఠం చెప్పినవారు.

దేగు, మిర్యాంగ్ చుట్టుపక్కల నుంచి అలా వచ్చినవాళ్లతో ఒక బెటాలియన్ కట్టారు. 772 మంది, ఎక్కువమంది విద్యార్థులే. నాయకుడు కెప్టెన్ ఇ మ్యోంగ్‌హుమ్. ట్రైనింగ్ రెండు వారాలు. మీరు ఎన్‌సీసీ పిల్లలకి గణతంత్ర దినోత్సవం పెరేడ్ నేర్పడానికి అంతకన్నా ఎక్కువ తీసుకునేవారు.

సెప్టెంబరు 14న బూసాన్‌లో ఓడెక్కించారు. ఎక్కడికో చెప్పలేదు. మర్నాడు తెల్లవారుజామున జాంగ్‌సా చేరేసరికి కేజియా తుపాను. అలలకి ఓడ ఇసకలో ఇరుక్కుంది, ఒడ్డు దగ్గరలోనే ఉన్నా చేరే దారి లేదు. పైనుంచి తుపాకులు. కొందరు ఎలాగో ఒడ్డుకి ఈది, అక్కడి పైన్ చెట్లకి తాడు కట్టారు. మిగతావాళ్లు ఆ తాడు పట్టుకుని దిగారు. 77 ఉప్పెనలో తాడిచెట్టు పట్టుకుని బతికినవాళ్ల గురించి మీరు చెప్పేవారు కదా, మ్యూజియంలో నాకదే గుర్తొచ్చింది. ఇక్కడ ఆ చెట్టు దాకా వెళ్లడానికే చాలామంది పోయారు.

ఇంతకీ వీళ్లని ఎందుకు పంపారంటే, అదే రోజు దేశానికి అటుపక్క ఇంచోన్‌లో అమెరికా జనరల్ మెకార్థర్ అసలు దళాలు దిగుతున్నాయి. శత్రువు చూపు ఇటు తిప్పాలి, 7వ నంబరు రోడ్డు మీద వాళ్లకి వెళ్లే సరుకులు ఆపాలి. ఇంచోన్ ప్రపంచమంతా తెలుసు. నేను ఈ దేశానికి వచ్చి ఇంత దగ్గర్లో ఉంటూ కూడా జాంగ్‌సా పేరు వినలేదు.

మూడు రోజుల తిండితో వెళ్లినవాళ్లు కొండెక్కి, రోడ్డు ఆపి, 19వ తేదీ దాకా ఉన్నారు. చోచివోన్ అనే ఇంకో ఓడ వచ్చి తీసుకెళ్లింది. కానీ కాల్పుల మధ్య అందరినీ ఎక్కించుకోలేకపోయింది. చనిపోయినవారు 139, గాయపడినవారు 92 అని లెక్క. ఒడ్డున మిగిలిపోయినవాళ్లు ఆ లెక్కలోకి రారు.

ఇదంతా గోడల మీద రాసి ఉంది. అసలు సంగతి మా ల్యాబ్ అమ్మాయి వాళ్లింట్లో. వాళ్ల అమ్మ తండ్రి, దేగు ఆయన, తొంభై దాటాయి, పండక్కి వచ్చారు. ఆ ఓడలో వెళ్లినవారే. నాకు ముందు చెప్పలేదు. "తాతయ్య మూడ్ ఎలా ఉంటుందో తెలీదు" అంది. ఆయన మాట్లాడేది పక్కా దేగు యాస, నాకు వచ్చిన కొరియన్‌తో ఒక్క ముక్క అందలేదు. ఆ అమ్మాయే చెబుతూ వచ్చింది.

యుద్ధం గురించి అడిగితే ఆయన వాంతుల గురించి చెప్పారు. అంతకుముందు ఎప్పుడూ ఓడెక్కినవాడు కాదట. రాత్రంతా ఒకళ్ల మీద ఒకళ్లు కక్కుకున్నారట. తెల్లారి దూకమన్నప్పుడు భయం కన్నా ముందు "హమ్మయ్య, ఈ ఓడలోంచి బయటపడ్డాం" అనిపించిందట. చెప్పి గట్టిగా నవ్వారు. తరవాత తాడు సంగతి. తడిసిన తాడు అరచేతుల్ని ఎలా కోసిందో, తన ముందున్నవాడు చెయ్యి వదిలేస్తే ఆ ఖాళీలోకి తను ఎలా జరిగాడో. ఖాళీలోకి జరగడం దాకా చేత్తో చూపించారు. వదిలేసినవాడు ఏమయ్యాడో నేను అడగలేదు.

మనవడొకడు అడిగాడు, వెనక్కి వచ్చేటప్పుడు ఒడ్డున ఎవరున్నారని. పెద్దాయన చేతిలో బేరిపండు ఉంది. ఇక్కడివి మన పంపరపనస కాయంత ఉంటాయి. తొక్క తెగకుండా ఒకే చుట్టగా తీస్తున్నారు. తీయడం అయింది, కోయడం అయింది, తలా ఒక ముక్క ఇచ్చారు. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం లేదు. మనవడు పద్దెనిమిది నెలల మిలిటరీ సర్వీసు ఈమధ్యే పూర్తి చేసి వచ్చాడు. ఇక్కడ మగపిల్లలందరికీ తప్పదు. వాడూ మళ్లీ అడగలేదు.

మీకు చెప్పాలనుకున్నది ఇంకోటి. 1951లో విద్యార్థుల్ని తిరిగి బళ్లకి పంపేశారు. ఆయనా వెళ్లి అదే తరగతిలో కూచున్నారు. మొదటిరోజు మాస్టారు పాత రిజిస్టరు తీసి హాజరు పిలిచారట. మూడో పేరుకో నాలుగో పేరుకో ఎవరూ పలకలేదు. ఇంకో రెండు పేర్లు అలాగే. మాస్టారు రిజిస్టరు మూసి, ఆ రోజుకి లెక్కలు మొదలుపెట్టారట. కొండెక్కిన సంగతి చెప్పినప్పుడు మామూలుగా ఉన్న మనిషి, ఇది చెప్పాక లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

కోపం కూడా ఉంది ఆయనకి, అది శత్రువు మీద కాదు. వీళ్లని పంపినప్పుడు సైనికుల నంబరు లేదు, ర్యాంకు లేదు. రహస్య దాడి కాబట్టి కాగితాలు లేవు. కాగితం లేనివాడు చచ్చిపోతే ఇంటికి కబురు ఎవరు పంపుతారు? మెకార్థర్ 1960లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు, బాగానే ఉంది. కానీ బతికినవాళ్లు 1980లో తమంతట తామే సంఘం పెట్టుకుని, ఎవరెవరు ఓడెక్కారో గుర్తున్నవాళ్లని అడిగి పేర్లు పోగేసుకోవాల్సి వచ్చింది. ఓడ నడిపినవాళ్లు అసలు సైనికులే కారు, సరుకు ఓడల మనుషులు. వాళ్లలో పోయినవాళ్లకి గుర్తింపు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. నన్నడిగితే అంత ఓడ కట్టే ముందు ఆ పేర్ల పని ప్రభుత్వం చేసుండాల్సింది.

ఈ కింది పేరా అమ్మకి చదివి వినిపించకండి. మా పోహాంగ్‌లో కూడా ఇలాంటి పిల్లలే. 1950 ఆగస్టు 11న 71 మంది విద్యార్థులు ఒక ఆడపిల్లల బడిని కాపలా కాశారు, 48 మంది పోయారు. వాళ్లలో ఇ వూగున్ అనే అబ్బాయి జేబులో అమ్మకి రాసిన ఉత్తరం దొరికింది. బాంబు విసిరి మనుషుల్ని చంపానమ్మా అని రాశాడు. లోబట్టలు తనే ఉతికి కట్టుకున్నానని, పాలకూరలాంటి ఆకులో చుట్టుకుని అన్నం తినాలనుందని, చల్లటి చలమ నీళ్లు తాగాలనుందని కూడా. ఇక్కడ దాన్ని రాయి మీద చెక్కారు. రోజూ ఆకులో అన్నం చుట్టుకుని తినే దేశం ఇది. మా క్యాంటీన్లో ఆ పళ్లెం వచ్చినప్పుడల్లా ఇప్పుడు నాకు అదో ఇబ్బంది.

మనవాళ్ల సంగతి అడుగుతారని తెలుసు. మనం పోరాడే సైన్యాన్ని పంపలేదు. ఆ నవంబరులో లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ వచ్చింది, వైద్యం చేయడానికి. నేను ఇండియా అనగానే పెద్దాయన ఆ డాక్టర్ల మాట ఎత్తారు. అప్పటిదాకా నన్ను పెద్దగా పట్టించుకోలేదు, ఆ తరవాత రెండో బేరిపండు కోశారు.

పార్సిల్ వేరే పంపుతున్నాను. అందులో గోధుమరంగు ప్యాకెట్ వీళ్ల మిలిటరీ బిస్కెట్లు, మామూలు దుకాణాల్లోనే అమ్ముతారు. రాయిలా ఉంటాయి, మీ పళ్లతో కుదరదు, టీలో ముంచుకోండి. లోపల చిన్న చక్కెర బిళ్లలుంటాయి, నోట్లో నీరూరడానికట. అవి అక్క పిల్లలకివ్వండి. అమ్మ బీపీ మాత్రలు మార్చారన్నారు, కొత్త చీటీ ఫొటో తీసి పంపండి. సంక్రాంతికి టికెట్ ఇంకా చూడలేదు, ప్రొఫెసర్‌ని అడగాలి.

మీ చిన్ని