చిట్టికి అమ్మ రాసేది

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. వానలు పట్టుకున్నాయి. పెరట్లో నీళ్లు నిలిస్తే మీ నాన్న రోజూ కాలువ తీస్తానంటారు, తీయరు. బుజ్జిగాడికి దగ్గు తగ్గింది. నువ్వు ఫోన్ చేస్తానని చేయలేదు, ఆఫీసులో పనుండి ఉంటుందిలే.

సరోజ పిన్ని వచ్చి వెళ్లింది. కిట్టూ పెళ్లిలో నీకూ పారాణి పెట్టబోతే కాళ్లు చీరలోకి లాక్కున్నావట. ఆ ఎర్ర నెయిల్ పాలిష్ ఊడినచోట బొటనవేలి గోరు పసుపుపచ్చగా కనిపించిందట. పిన్ని మాట సగానికి సగం కొట్టేసి వింటానని నీకు తెలుసు. ముదురు రంగు నేరుగా గోరు మీద వేస్తే పచ్చ మరక పడుతుంది, గోరు పెరిగేకొద్దీ పోతుంది. కింద బేస్ కోట్ వేసుకుంటే అంతగా పట్టదు. ఆ మాత్రానికి కాళ్లు ఎందుకు దాచుకున్నట్టు?

ఈసారి చింతకాయ బాగా దొరికింది, పచ్చడి పెట్టాను. రాజ్యం అత్తయ్యకీ ఒక సీసా పంపాను. ఆవిడ గోరు సంగతి నీకు తెలీదు, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. పాలిష్ ఊడితే తీయకుండా దానిమీదే ఇంకో పూత వేసేది. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి ముందు నర్సమ్మ కాళ్లవీ చేతులవీ రంగంతా తీయించింది. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పుకు రంగు అడ్డమట. తీరా చూస్తే బొటనవేలి గోరు బెల్లం ముక్కలా మందంగా, పచ్చగా, అంచున పొడి రాలుతూ ఉంది. ఇదేమిటే అని మావయ్య అడిగితే, "ఈ ఆస్పత్రి లైట్లే అంత" అందట! తర్వాత చర్మం డాక్టరు గోరు ముక్క టెస్టుకు పంపితే ఫంగస్ అని తేలింది. లివర్‌కి రక్తపరీక్ష చేసి మూడు నెలలు మాత్రలు మింగించారు. మాత్రలు అయిపోయినా కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది దాటింది. కాలి గోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటరే పెరుగుతుందట. అన్నాళ్లూ పెళ్లిళ్లకు సాక్సులతోనే వచ్చింది. ఆవిడకు షుగర్ కూడా ఉంది, నీకు లేదు, అది వేరే విషయం.

వేసుకోవద్దనను. వారం, పది రోజులకు తీసేయి, మళ్లీ వేసేలోపు కొన్నాళ్లు ఖాళీగా వదులు. గోళ్లకు గాలి ఆడాలి అంటుంది పిన్ని, అదంతా ఉత్తిది. గోరుకు కావలసింది రక్తంలోంచే వస్తుంది. వదలమనేది కింద ఏముందో నీ కంటికి కనబడటానికి. గోటితో గీకి తీయకు, పై పొర లేచి తెల్ల మచ్చలు పడతాయి. అసిటోన్ లేని రిమూవర్ వాడి, కాస్త కొబ్బరినూనె రాసుకో. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించు. మూలలు లోతుగా కోస్తే గోరు కండలోకి దిగుతుంది. పార్లర్‌లో గోరు మొదట్లో చర్మం కత్తిరిస్తామంటే వద్దను. వానలో తడిసిన బూట్లతో సాయంత్రందాకా కూర్చోకు. చెప్పొద్దనుకుంటూనే ఎంత చెప్పానో చూడు.

ఇవాళే రంగు తీసి, పగటి వెలుతురులో రెండు కాళ్లూ ఫోటో తీసి పంపు. మరకైతే సరే, మందంగా ఉంటే మాత్రం డాక్టరుకు చూపించు, డబ్బులు నేను వేస్తా.

బాబ్జీ శనివారం అటు వస్తున్నాడు. సున్నుండలు, చింతకాయ పచ్చడి, రెండు జతల నూలు సాక్సులు, కొత్త నెయిల్ కట్టర్ ఇచ్చి పంపుతున్నాను. సున్నుండలు రూమ్‌లో అందరికీ పెట్టు, కట్టర్ మాత్రం ఎవరికీ ఇవ్వకు.

మీ అమ్మ