మట్టి గూళ్లు గీకేయకండి

సంపాదకునికి,

వానలు పడ్డాయంటే మా నర్సంపేటలో దర్వాజ మూలల్లో, స్విచ్ బోర్డుల పక్కన మట్టి గూళ్లు లేస్తాయి. నడుము దారమంత సన్నగా ఉండే కందిరీగ పని అది. పిల్లల్ని కుడుతుందన్న టెన్షన్‌తో ఒక బడిలో అన్నీ గీకించేశారు. తేనెటీగల్లా ఇది గుంపు కట్టదు, ఒంటరిది. పట్టుకుంటే తప్ప కుట్టదు.

కింద పడ్డ గూడొకటి విప్పి చూశాను. అర నిండా సాలీళ్లు కుక్కి ఉన్నాయి. చావలేదు, ఒకదాని కాలి కొస వణుకుతోంది. కందిరీగ వాటిని కుట్టి కదలకుండా చేసి, ఒకదాని మీద గుడ్డు పెట్టి మూత పెడుతుంది. పిల్లపురుగుకు కుళ్లని తిండి అన్నమాట!

పత్తి చేలో పురుగుల్ని పట్టే సాలీళ్లనే ఇది తింటోందని మా అల్లుడి గోల. తిననీ, రెండూ చేను పక్కనే బతికినవి. బొక్క పడిన గూడు ఖాళీది, గీకినా ఫర్వాలేదు. మూసి ఉన్నవి వదిలేయమని బడి పెద్దలకు మనవి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, నర్సంపేట