బంతి లెక్కన కూలి, ప్రాణానికి లెక్కేది?

సంపాదకులకు,

ఫ్లోరిడాలో మా ఇంటి వెనకే గోల్ఫ్ కోర్సు. అక్కడి చెరువులో పడిన బంతులు ఏరడానికి ఓ కుర్రాడు వస్తుంటాడు. వీపున గాలి సిలిండర్, నడుముకి వల సంచీ. అడుగున చిమ్మచీకటి, కళ్లతో పనే లేదు. బురదలో చేత్తో తడిమి బంతులు సంచీలో వేసుకుంటాడు. గట్టున మొసలిలాంటి ఎలిగేటర్ ఎండ కాగుతూ ఉంటుంది. చూసే నాకే టెన్షన్! కూలి బంతికి కొన్ని సెంట్లు.

ఉద్యోగివా అంటే, ‘కాదండీ, కాంట్రాక్టర్ని’ అని నవ్వాడు. ఏ చెరువులో దిగాలో, బంతికెంతో మాత్రం కంపెనీయే చెబుతుందట. యజమాని వాటా, ఉద్యోగి వాటా రెండూ కలిపి 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను తనే కట్టుకోవాలి. దెబ్బ తగిలితే పరిహారం లేదు. వృత్తి డైవర్ నీళ్లలో ఉండగా సాయానికి మరో డైవర్ సిద్ధంగా ఉండాలని అమెరికా పని భద్రతా సంస్థ ‘ఓషా’ నిబంధన. కానీ అది ఉద్యోగులకే. ఇతను ఒంటరిగానే దిగుతాడు.

ఉద్యోగా, కాంట్రాక్టరా అని తేల్చడానికి కాగితం మీద పేరు కాదు, పని తీరు చూడాలన్నది ఇక్కడి చట్టమే. దాన్ని ఆరు అంశాల పరీక్షతో వివరిస్తూ కార్మిక శాఖ తెచ్చిన నిబంధన 2024 మార్చిలో అమల్లోకి వచ్చింది కూడా. కానీ 2025 మేలో తన తనిఖీల్లో ఆ నిబంధనను వాడబోనని ఆ శాఖే ప్రకటించింది. మరి ఆ కుర్రాడు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

– ఓ పాఠకుడు, ఓర్లాండో