ఆదివారం సిమ్యులేటర్ సాధన

మిత్రులారా, ఆదివారం పది గంటలకు విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి రండి. కారు రేసు సిమ్యులేటర్‌లో గ్రేటర్ నోయిడాలోని రేసు ట్రాక్ బుద్ధ్ సర్క్యూట్ మీద నడుపుదాం: 5.125 కిలోమీటర్లు, 16 మలుపులు. మూడో మలుపు దాటాక కిలోమీటరుకు పైగా తిన్నని దారి. దాని చివర బ్రేకు ఎక్కడ తొక్కాలో కాలికి అలవాటయ్యేదాకా వేగం మాట ఎత్తకండి.

నా కొత్త బ్రేకు పెడల్ ఎంత దూరం కదిలిందో కాదు, ఎంత బలంగా తొక్కామో కొలుస్తుంది. నిన్న గట్టిగా తొక్కేసరికి కింద చక్రాలున్న నా కుర్చీ వెనక్కి జారి బీరువాకు గుద్దుకుంది! ఇప్పుడు ఇటుకలు అడ్డం పెట్టాను.

సిమ్యులేటర్‌లో ఒంటికి కుదుపు తెలియదు. వెనుక చక్రాలు జారుతున్నాయని కళ్లు, స్టీరింగే చెప్పాలి. అందుకే నిజమైన ట్రాక్ మీద మొదటి ల్యాపులు నెమ్మదిగా పోనివ్వండి. బీచ్ రోడ్డు మీద సాధన చేస్తానన్నవారికి మా ఇంట్లో టీ కూడా దొరకదు.