ఒక్క లైను మార్చడానికి నాలుగు రోజులెందుకు పట్టింది?

మన షాపుల వాళ్ళందరికీ నమస్కారం.

డిసెంబరులో అమలాపురం నుంచి ఒక మెడికల్ షాపాయన ఫోన్ చేశారు. డిగ్రీలన్నీ కలిపి పేరు పొడుగ్గా ఉన్న డాక్టరుగారి పేరు బిల్లు మీద రెండో లైనులోకి జారిపోతోందని, సరిచేయమని సోమవారం చెప్పారు. శుక్రవారం దాకా కాలేదు. "ఏవండీ, ఒక్క లైను మార్చడానికి నాలుగు రోజులా? మా వాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, గంట పని అంటున్నాడు" అన్నారు. వాళ్ళబ్బాయి చెప్పింది నిజమే, ఇంకా ఎక్కువే చెప్పాడు. లైను మార్చడానికి పట్టింది పది నిమిషాలు. మిగతా నాలుగు రోజులు ఎటు పోయాయో ఆయనకి చెప్పలేక "పనిలో ఉన్నామండీ" అని దాటేశాను. అసలు జవాబు ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను. సెప్టెంబరులో, జనం వెనక్కి తెచ్చిన మందుల రిటర్న్‌ల దగ్గర జరిగిన పొరపాటు గురించి మీకు అప్పుడు సగమే చెప్పాను. మిగతా సగం కూడా ఇందులోనే ఉంది.

మాది రాజమండ్రి దానవాయిపేటలో ఆరుగురు పనిచేసే ఆఫీసు. 2017 జులై 1న జీఎస్టీ మొదలైనప్పుడు మూడు షాపుల కోసం రాసిన బిల్లింగ్ ప్రోగ్రాం ఇది. ఇప్పుడు మూడొందల పైచిలుకు షాపులు వాడుతున్నాయి. బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీలు, డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన కొన్ని మందుల హెచ్1 రిజిస్టరు, డిస్ట్రిబ్యూటర్ల బాకీలు, ఇలా మీరు అడిగినకొద్దీ గది మీద గది కట్టుకుంటూ పోయాం. పునాది మాత్రం ఆ మూడు షాపులకి వేసిందే.

మేం జావాలో రాస్తాం. రాసినదాన్ని ముందు కంపైల్ చేయాలి, అంటే కంప్యూటరు నడపగలిగే రూపంలోకి మార్చాలి. ఆ తర్వాత సర్వర్ మళ్ళీ పైకి లేవాలి. అప్పుడు బ్రౌజర్‌లో తెరిచి, మార్చింది సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవాలి. ఆఖరున టెస్టులు నడపాలి. కొత్త మార్పు వల్ల పాతవేవీ చెడిపోలేదని చూసే చిన్న చిన్న ప్రోగ్రాములవి, మా దగ్గర 1,140 ఉన్నాయి. డిసెంబరు నాటికి ఒక అక్షరం మార్చి స్క్రీన్ మీద చూసుకోవాలంటే నాలుగు నిమిషాలు, టెస్టులన్నీ పూర్తవ్వాలంటే 47 నిమిషాలు పట్టేది. మధ్యలో ఒకటి ఫెయిలైతే మళ్ళీ మొదటి నుంచి 47. ఆరుగురం అదే క్యూలో నిలబడతాం. డాక్టరుగారి పేరు నాలుగు రోజులూ ఆ క్యూలోనే ఉంది.

మరి అంతకు ముందు పనులు తొందరగానే అయ్యేవి కదా అని మీరు అడగొచ్చు. అయ్యేవి, ఎందుకంటే టెస్టులు ఎగ్గొట్టేవాళ్ళం. సెప్టెంబరు సంగతి అక్కడే మొదలవుతుంది.

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది. 22 నుంచి అమలు. మందుల్లో చాలా భాగం 12 శాతం నుంచి 5కి, 33 ప్రాణరక్షక మందులు సున్నాకి, మీ కౌంటర్ మీదుండే షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె 18 నుంచి 5కి దిగాయి. చేతిలో 19 రోజులు. రేట్ల మార్పు వరకు బాగానే చేశాం. 22 సోమవారం, నవరాత్రుల మొదటి రోజు, పొద్దున పదికల్లా ఫోన్లు మొదలయ్యాయి. కొత్త బిల్లులు వస్తున్నాయి గానీ, పాత బిల్లు మీద రిటర్న్ తీసుకోబోతే "రేటు సరిపోలడం లేదు" అని ఆగిపోతోంది. మందు వెనక్కి తెచ్చిన మనిషి కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు. మీకు టెన్షన్, మాకు అంతకు మించి టెన్షన్.

సరిచేసింది మా కుర్రాడు, ఎలా చేయాలో చెప్పింది నేను. రేటు పోల్చి చూసే తనిఖీ తీసేసి, మందుల జాబితా అయిన ఐటెమ్ మాస్టర్‌లో ఇప్పుడున్న రేటే తీసుకునేలా రాశాడు. "టెస్టులు నడపమంటారా సార్?" అని అడిగాడు. గోడ మీద గడియారం చూశాను. ఫోన్ మోగుతూనే ఉంది. "ఇప్పుడొద్దు, పెట్టేసెయ్" అన్నాను. ప్రోగ్రాంని కంపైల్ చేసి టెస్టులు నడపడానికి మేం వాడే మేవెన్‌లో టెస్టుల్ని దాటేయడానికి స్కిప్ టెస్ట్స్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది వాడటం మాకు అదే మొదటిసారైతే ఇంత రాసేవాణ్ణి కాదు. అప్పటికే వారానికి ఒకటి రెండుసార్లు వాడుతున్నాం.

దానివల్ల మీకు జరిగింది చెప్తాను. సెప్టెంబరు 10న 112 రూపాయల మందు అమ్మారనుకోండి. అందులో ధర 100, పన్ను 12. 25న దాన్ని వెనక్కి తీసుకుని 112 ఇచ్చేశారు. అమ్మిన నాటి రేటు ప్రకారం మీరు కట్టాల్సిన పన్నులో 12 రూపాయలు తగ్గాలి. మా ప్రోగ్రాం అదే 112ని 5 శాతం లెక్కన విడగొట్టి ధర 106.67, పన్ను 5.33 అని రాసుకుంది. ఒక్క రిటర్న్ మీద 6 రూపాయల 67 పైసలు మీ జేబులోంచి పోయినట్టు. అక్టోబరు మొదటి వారంలో కాకినాడలో ఒక ఆడిటర్ గారు పట్టుకున్నారు. నెల అమ్మకాల వివరాలు దాఖలు చేసే జీఎస్టీఆర్-1కి 11వ తేదీ గడువు లోపలే దొరకడంతో చాలామందివి దాఖలు కాకముందే సరిచేశాం, అప్పటికే దాఖలు చేసిన ఆరు షాపులకి తర్వాతి నెలలో సవరణ పెట్టించాం. ఇంతవరకు మీకు అప్పుడే చెప్పాను.

చెప్పనిది ఏమిటంటే, ఆ తప్పుని పట్టుకునే టెస్టు మా దగ్గరుంది. 2017 నవంబరు 15న షాంపూలతో సహా 178 రకాల వస్తువులు 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడు ఇదే చిక్కు వచ్చింది. పాత బిల్లు రిటర్న్ పాత రేటుకే పోవాలని అప్పుడు నేనే కూర్చుని టెస్టు రాశాను. దాదాపు ఎనిమిదేళ్ళు కాపలా కాసింది. తీరా దొంగ వచ్చిన రోజు దాన్ని గదిలో పెట్టి గొళ్ళెం వేసింది కూడా నేనే.

ఇంకా సిగ్గుచేటు విషయం ఉంది. టెస్టులన్నీ రోజూ రాత్రి ఒంటిగంటకి సర్వర్ మీద వాటంతటవే నడిచి, పొద్దున్నే మాకు మెయిల్ వస్తుంది. వెతికి చూస్తే, 22 రాత్రి నుంచి ప్రతి మెయిల్‌లోనూ ఈ టెస్టు ఎర్రగానే, అంటే ఫెయిలనే, ఉంది. ఎవరూ తెరవలేదు. ఎందుకంటే ఆ మెయిల్ ఏడాదిగా రోజూ ఎర్రగానే వస్తోంది. రోజు లెక్కల రిపోర్టుకి సంబంధించిన ఒక టెస్టు రాత్రి ఫెయిలయ్యేది, పొద్దున ఆఫీసులో నడిపితే పాసయ్యేది. "అది అంతేలే" అని వదిలేశాం. నాన్నా పులి కథే.

అక్టోబరు తర్వాత స్కిప్ టెస్ట్స్ వాడకూడదని గట్టిగా నియమం పెట్టాను. నియమం పెట్టగానే 47 నిమిషాలు తగ్గిపోవు కదా. తప్పులు ఆగాయి, పనులు కూడా ఆగాయి. డిసెంబరులో అమలాపురం ఫోన్ వచ్చింది అందుకే.

కనుమ వెళ్ళాక కొత్త పనులన్నీ పక్కన పెట్టి ఇదొక్కటే పట్టుకున్నాం. మొదటి రోజు నేను ఒక లాంగ్ నోట్‌బుక్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి పక్కన కూర్చున్నాను. అప్పటికి తను ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. ఆ రోజు 23 సార్లు కంపైల్ చేసి చూసుకుంది. ఎదురుచూపు గంటా 35 నిమిషాలు. అసలు నష్టం అది కాదని మధ్యాహ్నానికి అర్థమైంది. నాలుగు నిమిషాలు ఖాళీ దొరికితే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, తిరిగొచ్చేసరికి పావుగంట. వచ్చాక "నేనేం మారుస్తున్నాను?" అని మళ్ళీ పైనుంచి చదువుకోవాలి. తనని అనడానికి లేదు, నేనూ అంతే. నాకైతే టీ కూడా తోడు.

టెస్టుల్లో వెతికితే మూడు పెద్ద చిల్లులు కనపడ్డాయి. ఒక్కసారి టెస్టులు నడిపితే మొత్తం ప్రోగ్రాం 38 సార్లు మొదటి నుంచి లేస్తోంది, లేచిన ప్రతిసారీ పాతిక సెకన్లు. కౌంటర్ ముందుకొచ్చిన ఒక్కో మనిషికి మందు ఇచ్చి, షట్టర్ దించి, మళ్ళీ తాళం తీసి, దేవుడికి అగరుబత్తి వెలిగించి, తర్వాతి మనిషిని పిలిచినట్టు. నిజానికి మా ప్రోగ్రాంకి ఆధారమైన స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్ ఒకసారి లేపినదాన్ని దాచుకుని తర్వాతి టెస్టుకీ వాడుకుంటుంది, రెండింటి అమరికా ఒకటే అయితే. మేం ఒక్కో టెస్టులో అసలు భాగాల బదులు ఒక్కో రకం డమ్మీలు పెట్టి ఆ అవకాశం లేకుండా చేశాం. దానికి తోడు, దాచినదాన్ని పారేసి కొత్తగా లేపమనే డర్టీస్ కాంటెక్స్ట్ అనే గుర్తు 14 చోట్ల ఉంది, అక్కర లేకపోయినా. ఎవరు పెట్టారా అని కాస్త కోపంగానే, ఏ లైను ఎవరు రాశారో దాచిపెట్టే గిట్‌లో చరిత్ర తీశాను. మొదటిది నా పేరు మీదే ఉంది, 2019లో. మిగతా పదమూడూ దాన్ని చూసి కాపీ కొట్టినవి.

రెండోది నిద్ర. బ్రౌజర్‌ని మనిషిలా నొక్కుతూ పోయే సెలీనియం టెస్టుల్లో, పేజీ వచ్చేదాకా ఆగాలని సుమారు 150 చోట్ల ఐదేసి సెకన్లు పడుకోమని రాసి ఉంది. పేజీ అరసెకనులో వచ్చినా ఐదు సెకన్లూ పడుకోవాల్సిందే. లెక్క వేస్తే పన్నెండున్నర నిమిషాలు. బటన్ కనపడగానే ముందుకి పొమ్మని మార్చాం. మూడోది డేటాబేస్. టెస్టు టెస్టుకీ టేబుళ్ళన్నీ చెరిపి మళ్ళీ కడుతున్నాం. ఇప్పుడు టెస్టు అందులో రాసినదాన్ని, అది అయ్యాక వెనక్కి తీసుకుంటే సరిపోతోంది.

కంపైల్ వైపు చూస్తే, ఆఫీసు లాప్‌టాప్‌ల్లో యాంటీవైరస్ ఒకటుంది, కంపైల్ అయిన ప్రతి చిన్న ఫైలునీ అది తెరిచి చూస్తోంది. మా ప్రాజెక్టు ఫోల్డరు వరకు వదిలేయమని చెప్పాం. మారని లైబ్రరీలని కదపకుండా మేం రాసిన భాగాన్ని మాత్రమే మళ్ళీ ఎక్కించేలా డెవ్‌టూల్స్ పెట్టాం. మూడు లాప్‌టాప్‌లకి ర్యామ్ కొన్నాను. నాలుగు నిమిషాల ఎదురుచూపు ఇరవై సెకన్లకి దిగింది.

47 నిమిషాల టెస్టులు 13కి వచ్చాయి. పన్ను లెక్క కట్టే భాగాన్ని విడిగా తీసేశాం, దాని టెస్టులకి సర్వర్ లేవక్కర్లేదు, 90 సెకన్లలో అయిపోతాయి. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, పని చేస్తున్నంతసేపూ అవి నడుపుకుంటాం. మీ దగ్గరికి పంపే ముందు మాత్రం మొత్తం 13 నిమిషాలూ నడవాల్సిందే. పన్ను విషయంలో మెతుకుని నమ్మి దెబ్బతిన్నవాణ్ణి.

రాత్రి ఫెయిలయ్యే ఆ టెస్టు సంగతి కూడా తేలింది, ఇది 24 గంటల షాపుల వాళ్ళు జాగ్రత్తగా చదవండి. మా సర్వర్ గడియారం మన టైము కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే యూటీసీలో ఉంది. మనకి అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5.30 దాకా సర్వర్‌కి ఇంకా నిన్నే. ఆ సమయంలో కొట్టిన బిల్లు మీద తేదీ సరిగ్గానే ఉంటుంది, రోజు లెక్కల రిపోర్టులో మాత్రం ముందు రోజులో పడుతోంది. ఒకటో తేదీ తెల్లవారుజాము బిల్లులైతే పోయిన నెల మొత్తంలో కలిశాయి. రాత్రి ఒంటిగంట టెస్టు ఏడాదిగా చెబుతున్నది ఇదే. జనవరి చివర్లో సరిచేశాం. మీలో నలుగురికి దీని ప్రభావం ఉంది, నలుగురికీ నేనే ఫోన్ చేశాను. క్షమించండి.

అన్నీ కుదరలేదు. టెస్టులన్నీ ఒకేసారి పక్కపక్కన నడిపిద్దామని వారం రోజులు కుస్తీ పట్టాం. రెండు టెస్టులు ఒకే బిల్లు నంబరు కోసం కొట్టుకుని ఒక్కోసారి ఒక్కోటి ఫెయిలవుతుంటే, మళ్ళీ పులి కథ మొదలవుతుందని భయమేసి మానేశాం. స్క్రీన్ల వైపు జావాస్క్రిప్ట్ పని ఇంకా నెమ్మదిగానే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

సంక్రాంతికి ఇస్తానన్న ఎక్స్‌పైరీ రిటర్న్ స్క్రీన్ ముందు ఆ క్యూ వల్ల, తర్వాత ఈ పనివల్ల ఆగింది. ఉగాదికి ఇస్తాను. ఈ ఐదు వారాలు మీకు కొత్తగా ఏమీ రాలేదు కాబట్టి అందరి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) ఒక నెల పొడిగించాం, విడిగా అడగక్కర్లేదు. ఇకముందు ఎంత అర్జెంటు అని ఫోన్ చేసినా, పని అయ్యాక 13 నిమిషాలు ఆగమంటాను. దయచేసి తిట్టుకోకండి.

సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 6 వరకు తీసుకున్న రిటర్న్‌ల సరిచేసిన లిస్టు రిపోర్ట్స్‌లో అన్నిటికంటే కింద ఉంది. ప్రింట్ తీసి మీ ఆడిటర్ గారికి ఒకసారి చూపించండి. కొత్త వెర్షన్ ఈ ఆదివారం రాత్రి 11 తర్వాత ఎక్కిస్తున్నాం, అరగంట బిల్లులు రావు. రాత్రంతా తెరిచి ఉంచే షాపుల వాళ్ళు ఆ అరగంటకి చేత్తో రాసే బిల్లు పుస్తకం దగ్గర పెట్టుకోండి.